పొలిమేర దాటు పుప్పొడి



ఈ ధర్మనిధిని నెలకొల్పిన పెద్దలు ఉపన్యాసకునకు విధించిన నిబంధన యొక్కటే: చెప్పబోవు విషయము గ్రామపాలనకు సంబంధించినదై యుండవలెనని. ఆ నిబంధనను శిరసావహించి, నేడు మన పొలములను, మన విస్తళ్లను కూడ తాకుచున్న యొక వివాదమును ఎన్నుకొంటిని. ప్రయోగశాలలో జన్యువు మార్చిన విత్తనమును గూర్చియు, రసాయనములు సోకని సేంద్రియ సేద్యమును గూర్చియు శాస్త్రజ్ఞులు, మంత్రులు, వ్యాపార సంస్థలవారు సాగించిన వాదోపవాదములు మీకు క్రొత్త కావు. 2010 ఫిబ్రవరిలో బీటీ వంకాయపై కేంద్రప్రభుత్వము మారటోరియము విధించుటకు ముందు, మన హైదరాబాదుతో సహా ఏడు నగరములలో జరిగిన బహిరంగ చర్చలలో ఆ వాదములన్నియు ఒక్కమారుగా వినబడినవి. వాని పునశ్చరణకు నేను పూనుకొనను. ఒక జిల్లా బోర్డు, ఒక పురపాలక సంఘము, ఒక పంచాయతీ—ఇంత చిన్న యధికారపీఠము ఇంత పెద్ద విషయమున ఏమి చేయ సాహసించినది, చేసినదానిలో ఏది నిలిచినది, ఏది నిలువక పోయినది అన్న విచారణకే ఈ సాయంకాలము పరిమితము.

నా యభిప్రాయమును దాచిపెట్టి చివర బయటపెట్టు నేర్పు నాకు లేదు గావున మొదటనే మనవి చేయుచున్నాను. జన్యువు మంచిదా, చెడ్డదా అన్నది ఊరు చేతులెత్తి తేల్చగల విషయము కాదు. కాని ఒకని పంట వేరొకని పంటను చెరచినప్పుడు ఆ నష్టము ఎవరు భరింపవలెనన్నది ఊరు తేల్చవలసిన విషయమే. తన బడిపిల్లలకు, తన పోషణలో నున్నవారికి ఏమి వండిపెట్టవలెనన్నది అంతకంటెను ఊరి విషయమే. ఈ మూడింటిని కలగలిపినచోట స్థానిక ప్రభుత్వములు భంగపడినవి. వేరుపరచి చూచినచోట కొంత సాధించినవి.

మొదట మెండొసీనో సంగతి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముగా, సముద్రపుటొడ్డునుండి కొండలలోనికి వ్యాపించిన యీ కౌంటీ జనాభా లక్షకు లోపు. కౌంటీ యనగా ఇంచుమించు మన జిల్లా వంటిదే యనుకొనవచ్చును. రెడ్‌వుడ్ కలప, ద్రాక్ష, పియర్ పండ్లు అచ్చటివారికి జీవనాధారములు. ద్రాక్షతోటలలో సేంద్రియ పద్ధతి అప్పటికే వేళ్లూనియున్నది. 2004 మార్చి 2న, అధ్యక్షపదవికి అభ్యర్థులను నిర్ణయించు ప్రాథమిక యెన్నికల దినముననే, ‘మెజర్ హెచ్’ అను ప్రతిపాదన యొకటి యిచ్చటి ఓటర్ల యెదుటికి వచ్చెను. జన్యుమార్పిడి చేసిన మొక్కనుగాని జంతువునుగాని కౌంటీ హద్దులలో పెంచరాదు. పెంచినచో వ్యవసాయ కమిషనరు దానిని స్వాధీనపరచుకొని నాశనము చేయింపవచ్చును—ఇదియే దాని సారము. అంగడిలో అమ్మకమును గాని, ఇంటిలో వాడకమును గాని అది ముట్టలేదు. విశేష మేమనగా, అప్పటికి ఆ కౌంటీలో అట్టి పంటను వ్యాపారార్థము పండించుచున్నవారు లేరు. లేనిదానిని రానీయకుండుటకే ఆ శాసనము. దానిని ఓడించుటకు విత్తన, పురుగుమందుల సంస్థల సమాఖ్యయైన క్రాప్‌లైఫ్ అమెరికా ఆరు లక్షల డాలర్లకు పైగా వ్యయించినది. అయినను 57 శాతము ఓట్లతో అది నెగ్గినది; అమెరికాలో ఇట్టి నిషేధమును విధించిన ప్రథమ కౌంటీ యను ఖ్యాతి మెండొసీనోకు దక్కెను.

ఆ శాసనములో ఒక వింత కలదు. నిషేధమునకు నిర్వచనములు కావలెను గదా యని కర్తలు డీఎన్‌ఏ యననేమో వివరింపబూని, అది జీవకణములలో నుండు సంక్లిష్టమైన యొక ప్రోటీను అని వ్రాసిరి. డీఎన్‌ఏ ప్రోటీను కాదు, న్యూక్లియికామ్లమని ఇంటర్మీడియెట్ చదువు పిల్లవాడును చెప్పగలడు. ప్రతిపక్షమువారు ఈ తప్పును చాటింపు వేసి పరిహసించిరి. ఓటర్లు దానిని లక్ష్యపెట్టక, తప్పుతో సహా శాసనమును గెలిపించిరి. దీనిని చూచి ప్రజలు మూఢులని తీర్పు చెప్పువారున్నారు. ఆ తీర్పు సరికాదు. వారు ఓటు వేసినది జీవరసాయన శాస్త్రమునకు కాదు. తమ కౌంటీకున్న పేరును, తమ ద్రాక్షకున్న ధరను కాపాడుకొనుటకు. అమెరికాలో ‘సేంద్రియ’ మను ముద్ర శాసనబద్ధమైనది: 1990లో చట్టము పుట్టినది, 2002 అక్టోబరులో నిబంధనలు అమలునకు వచ్చినవి. 1997లో కేంద్ర వ్యవసాయశాఖ ప్రచురించిన తొలి ముసాయిదాలో జన్యుమార్పిడికి తలుపు మూయకుండ విడిచిరని తెలిసి, రెండులక్షల డెబ్బదియైదు వేలకు పైబడి అభిప్రాయములు ఆ శాఖకు వచ్చిపడగా, తుది నిబంధనలలో దానిని సేంద్రియ పద్ధతికి వెలియని స్పష్టముగా వ్రాయవలసి వచ్చెను. ఇంత పోరి సంపాదించిన ముద్రను ప్రక్క పొలమునుండి వచ్చు గాలి చెరపివేయునేమో యన్నదే వారి బెంగ. ఆ బెంగ సమంజసమైనది. దానికి వారు వ్రాసికొన్న హేతువు మాత్రము తప్పు.

ఆ గాలి యెట్టిదో తెలియవలెనన్న ఉత్తరమున పొరుగు రాష్ట్రమైన ఆరెగాన్‌కు పోవలెను. పంచదార దుంపను మన ప్రాంతమున పండించుట అరుదు గాని, దాని చుట్టరికము మనకును కలదు. పంచదార దుంప, కూరకు వాడు ఎఱ్ఱని బీట్‌రూటు, అమెరికనులు చార్డు అని పిలుచు ఆకుకూర, మన పెరళ్లలో పెంచు పాలకూర—ఇవన్నియు ఒకే వృక్షజాతికి చెందిన సంతానము. తొలియేట ఈ మొక్క ఆకును, దుంపను మాత్రమే పెంచును. శీతకాలపు చలి సోకిన పిదప రెండవయేట నడుమనుండి నిడుపైన కాడ వెడలి, దానిపై ఆకుపచ్చని సూక్ష్మపుష్పములు గుత్తులుగా పూయును. వానికి అందములేదు. తేనెటీగను పిలువవలసిన పనియు లేదు. పొగవలె తేలికయైన పుప్పొడిని గాలికి విడిచిన చాలును, అది మైళ్లకొలది పోవును. దుంపకో ఆకుకో సేద్యము చేయువాడు పూత రాకమునుపే పంటను కోసికొని పోవును గావున అతనికి పొరుగువానితో పేచీ లేదు. విత్తనముకొరకు సేద్యము చేయువాడే రెండవయేటి పూతకు కాచుకొనియుండవలెను, చిక్కంతయు అతనికే. సేంద్రియ చార్డు విత్తనపు మడికి కలుపుమందును తట్టుకొనునట్లు జన్యువు మార్చిన పంచదార దుంప విత్తనపు మడి మూడు నాలుగు మైళ్లలో నున్నను, పుట్టిన విత్తనములో ఏది తనది, ఏది పరాయిది అని కంటితో చూచి చెప్పుట దుర్ఘటము. పరీక్షలో బయటపడిన నాడు కొనువాడు వెనుదిరిగి పోవును.

ఆరెగాన్ రాష్ట్రములోనే విల్లామెట్ లోయలో విత్తనపు రైతులు ఈ చిక్కునకు ఏనాడో ఒక యుపాయము కనిపెట్టి యున్నారు. విత్తనపు రైతుల సంఘమువారు లోయ పటమునొకదానిని ఉంచి, ఏ మడిలో ఏ జాతి విత్తనము వేయుచున్నారో ప్రతిరైతును దానిపై గుండుసూది గుచ్చి ప్రకటింపవలెనని కట్టడి చేసికొనిరి. ఒక సూదికిని, దానితో సంకరమగు జాతి సూదికిని నడుమ నుండవలసిన దూరమును నియమించుకొనిరి. శాసనసభ చేసిన చట్టము కాదది. ఇరుగుపొరుగు రైతులు కూర్చుండి యేర్పరచుకొన్న మర్యాద. మన పల్లెలలో చెఱువునీటికి వంతులు వేసికొను పద్ధతి యెరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ఆ మర్యాద నడచుటకు ఒక్కటే నియమము: ఎవడును తన మడిని దాచరాదు. దక్షిణమున రోగ్ నదీలోయలో, జాక్సన్ కౌంటీలో, లోపించినది సరిగా ఇదియే. సింజెంటా అను విత్తన సంస్థ అచ్చట చిన్న చిన్న మడులు కౌలునకు తీసికొని జన్యుమార్పిడి పంచదార దుంప విత్తనమును పండించుచున్న సంగతి 2012 ప్రాంతమున సేంద్రియ రైతుల చెవినిబడువరకు, తమ పొలముల ప్రక్కన ఏమి పూయుచున్నదో వారికి తెలియదు.

2014 మే 20న జాక్సన్ కౌంటీ ఓటర్లు జన్యుమార్పిడి పంటలను నిషేధించిరి. పది లక్షల డాలర్లకు చేరువగా ప్రత్యర్థులు వెచ్చించినను, అనుకూలముగా పడిన ఓట్లు 66 శాతము. కలుపుమందును తట్టుకొను అల్ఫాల్ఫా గడ్డిని అప్పటికే వేసియున్న రైతులు కొందరు ఫెడరల్ న్యాయస్థానమున కెక్కిరి. సేద్యము చేసికొను హక్కును కాపాడుటకై రాష్ట్రము చేసిన చట్టమునకు ఈ నిషేధము విరుద్ధమని వారి వాదము. ఆ చట్టము ఒక రైతు మరియొక రైతును నష్టపెట్టుటకు ఇచ్చిన హక్కుపత్రము కాదని 2015లో న్యాయమూర్తి త్రోసిపుచ్చెను. పిదప రాజీ కుదిరి, వేసియున్న అల్ఫాల్ఫా మడులను ఎనిమిదేండ్లవరకు ఉంచుకొనుటకు ఆ రైతులకు అనుమతి లభించెను. నాకు ఆ తీర్పుకంటె ఆ రాజీయే ముచ్చట గొల్పుచున్నది. అల్ఫాల్ఫా ఒకమారు నాటిన కొన్నియేండ్లు నిలుచు పైరు గావున, పైరు ఆయుర్దాయమునే గడువుగా నిర్ణయించుట సేద్యమెరిగినవారి పని.

అదే దినమున ప్రక్కనున్న జోసెఫీన్ కౌంటీవారును ఇట్టి నిషేధమునే గెలిపించిరి, అది నిలువలేదు. ఏలయనగా అంతకు ముందటి యేట, 2013 అక్టోబరులో, ఆరెగాన్ శాసనసభ విత్తనములపై శాసించు అధికారము స్థానిక ప్రభుత్వములకు లేదని చట్టము చేసి, అప్పటికే ఓటునకు సిద్ధమైయున్న జాక్సన్ కౌంటీని మాత్రము విడిచిపెట్టినది. నిరుడు బయలుదేరినవాని బండి పోయినది. ఈయేడు బయలుదేరినవానికి గేటు పడినది. ఇట్టి చట్టములు ఆరెగాన్‌కే పరిమితములు కావు. మెండొసీనో ఫలితము వెలువడిన రెండు మూడేండ్లలో పదునైదు రాష్ట్రములవరకు, విత్తనపు విషయమున కౌంటీలును పట్టణములును తలదూర్చరాదని శాసించినవి. కాలిఫోర్నియాలోను ప్రయత్నము జరిగినది గాని 2006లో అది వీగిపోయినది. మెండొసీనో శాసనము బ్రతికియుండుటకు దాని గుణముకంటె ఆ వైఫల్యమే కారణము.

హవాయి ద్వీపముల కథ యింకను విషాదకరము. ఏడాదిపొడుగున మూడు నాలుగు పంటలు తీయగల ఆ దీవులు విత్తన సంస్థల ప్రయోగక్షేత్రములు. కవాయి ద్వీపపు కౌన్సిల్ 2013లో పురుగుమందుల పిచికారీ వివరములను, జన్యుమార్పిడి మడుల వివరములను ప్రకటింపవలెనని శాసింపగా మేయరు తిరస్కరించెను. నవంబరులో కౌన్సిల్ ఆ తిరస్కారమును త్రోసిరాజనెను. హవాయి కౌంటీ ఆ డిసెంబరుననే క్రొత్త జన్యుమార్పిడి పంటలను నిషేధించుచు, బొప్పాయిని మినహాయించినది. ఈ మినహాయింపులో వివేకమున్నది. వలయపు మచ్చ తెగులు ఆ ద్వీపపు బొప్పాయి తోటలను తుడిచిపెట్టుచుండగా, ఆ వైరస్ జన్యుభాగమునే చొప్పించి తయారుచేసిన ‘రెయిన్‌బో’ రకము 1998లో రైతుల కందినది, తోటలు నిలిచినవి. దానిని పీకివేయుమని యే కౌన్సిలు చెప్పగలదు? మావీ ద్వీపములో 2014 నవంబరున ప్రత్యర్థులు ఎనుబది లక్షల డాలర్లకు దగ్గరగా గ్రుమ్మరించినను, వేయికి కొంచెము మించిన ఓట్ల తేడాతో నిషేధము నెగ్గెను. ఇంతయు జరిగిన పిదప 2016 నవంబరులో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానము, కొంత ఫెడరల్ చట్టము వలనను, కొంత రాష్ట్రచట్టము వలనను కౌంటీల కీ యధికారము లేదని మూడు శాసనములను కొట్టివేసెను. జన్యుమార్పిడి పంటలను నిషేధింపని కవాయి శాసనము కూడ ఆ వేటు తప్పించుకొనలేదు.

నిషేధాధికారము పైనుండి దిగివచ్చినది గావున పైవారు దానిని మరల గైకొనగలరు. కొనుగోలు సంగతి యట్లు కాదు. తన ఖర్చుతో తాను వండిపెట్టు నాలుగు మెతుకులను ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనన్నది ఏ ప్రభుత్వమునకైనను దాదాపు స్వవిషయమే. అంతర్రాష్ట్ర వాణిజ్యము, టెండరు నిబంధనలు కొంత అడ్డము వచ్చునేమో గాని, ‘నీవు కొనరాదు’ అని శాసించుట కష్టము. ఈ సత్యమును ముందుగా గ్రహించినవారిలో అయోవా రాష్ట్రపు వుడ్‌బరీ కౌంటీవారు ఒకరు.

అయోవా యనిన మొక్కజొన్న, సోయాచిక్కుడు, పందులు. జన్యుమార్పిడి విత్తనము అచ్చట ప్రత్యర్థి కాదు, ఇంటి యజమాని. దానిని నిషేధింతుమన్న ఊరిలో ఒక్క ఓటు రాదు. కౌంటీ ముఖ్యపట్టణమైన సూ సిటీలో 2005 జూన్‌లో కౌంటీ బోర్డు చేసిన తీర్మానము ఎవరిని దేనినుండియు నిషేధింపలేదు. మామూలు పద్ధతినుండి సేంద్రియ పద్ధతికి మారు భూమికి అయిదేండ్లపాటు భూమిపన్ను వాపసు. సాలీనా మొత్తము యాభైవేల డాలర్లు మించరాదు. దీని మర్మము చూడుడు. నిషిద్ధ రసాయనములు వాడక 36 నెలలు గడచినగాని ఆ భూమిపంటకు సేంద్రియ ముద్ర పడదు. అనగా మూడేండ్లపాటు రైతు సేంద్రియ కష్టము పడుచు, మామూలు ధరకే అమ్ముకొనవలెను. పురుగు తినినది పోగా మిగిలినదానికి ప్రీమియము లేదు. సేంద్రియమునకు మారదలచినవారిని వెనుకకు లాగునది సిద్ధాంతము కాదు, ఈ మూడేండ్ల లోయ. పన్ను వాపసు ఆ లోయకు వేసిన వంతెన. మరుసటి జనవరిలో బోర్డు రెండవ తీర్మానము చేసినది: కౌంటీ జైలు, బాలనేరస్థుల గృహము మొదలైన సంస్థల భోజనములకు, దొరికినంతవరకు, సూ సిటీ న్యాయస్థాన భవనమునుండి వంద మైళ్ల లోపల సేంద్రియముగా పండినదానినే కాంట్రాక్టరు కొనవలెనని. జైలులో ఖైదీలకు సేంద్రియ క్యారెట్టు పెట్టిన మొదటి ప్రభుత్వమని నవ్వినవారున్నారట, నవ్వనిండు. ఖైదీ రోజుకు మూడుపూటలు తప్పక తినును, ఏడాదికి 365 దినములు తినును. క్రొత్త రైతుకు అంతకంటె నమ్మకమైన కొనుబడిదారుడు ఎవడు?

ఫ్రాన్స్ దేశపు దక్షిణతీరమున, కాన్ నగరమునకును అత్తరులకు ప్రసిద్ధమైన గ్రాస్ పట్టణమునకును నడుమ, మువాన్-సార్తూ అను పదివేల జనాభా గల యొక ఊరున్నది. ఆ పురపాలక సంఘము 2012 జనవరి 1 నుండి తన బడుల భోజనశాలలలో నూటికి నూరు పాళ్లు సేంద్రియమైన ఆహారమునే వడ్డించుచున్నది. దినమునకు వేయి భోజనములు. కూరగాయల సరఫరాకై టెండరు పిలిచినచో ఐరోపా సమాఖ్య నిబంధనలను బట్టి ‘మా యూరివారినుండియే కొందుము’ అని వ్రాయ వీలులేదు. దూరదేశపు గుత్తదారుడు రంగములోనికి వచ్చును. సంఘమువారు ఆ తగవు పెట్టుకొనక, తమ స్వంత భూమిలోనే, ఓట్-కోంబ్ అను చోట, పురపాలక వ్యవసాయక్షేత్రము నెలకొల్పి, జీతమిచ్చి సేద్యగాండ్రను నియమించుకొనిరి. బడులకు కావలసిన కూరగాయలలో అత్యధిక భాగము అచ్చటనే పండుచున్నది. మరి ఖర్చు? పిల్లలు పళ్లెములలో విడిచిపెట్టినదానిని భోజనానంతరము వేరుపరచి తూచుట అలవాటు చేసిరి. ఎవరికెంత ఆకలియో అడిగి వడ్డించుట, పండును కోసి ముక్కలుగా పెట్టుట వంటి చిన్న మార్పులతో పారవేయు తిండి నాలుగింట మూడువంతులకు మించి తగ్గిపోయెను. ఆ మిగులుబాటే సేంద్రియపు అదనపు ధరను చాలవరకు భరించినది. కోపెన్‌హేగన్ నగరము తన తొమ్మిదివందల వంటశాలలను 90 శాతము సేంద్రియము చేయబూని దాదాపు సాధించినదియు ఇట్టి కిటుకులతోనే, వంటవారికి శిక్షణ యిచ్చియే. ఈ పనులలో వీరోచితమైనది ఏదియు లేదు. పత్రికలకెక్కు పోరాటములు లేవు. న్యాయస్థానమునకు పోవుటకు ఎవనికిని సందు దొరకలేదు.

ఇక మన యింటి మాట. మన తెలుగు పల్లెలు ఈ విషయమున ఎవరికిని తీసిపోలేదు. నాటి ఖమ్మము జిల్లా పాల్వంచ ప్రాంతపు పునుకుల గ్రామములో పత్తికిని, మిరపకును మందులు కొట్టి కొట్టి అప్పుల పాలై, ఆస్పత్రుల పాలైన రైతులు 1999 తర్వాత వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు—ఈ సాధనములతో పురుగుమందు మానివేయ మొదలిడిరి. 2004 నాటికి ఊరంతయు మానినది. పంచాయతీ తీర్మానము చేసి, పురుగుమందుల డీలర్లు అమ్మకమునకు మా యూరికి రావలదని కోరినది. గమనింపుడు: నిషేధించెదమని కాదు, రావలదని. చట్టమున కందని చోట ఊరిమాట నిలిచినది, ఏలయనగా ఆ తీర్మానమునకు పూర్వమే ఊరు మందు మానియున్నది. నాటి వరంగల్లు జిల్లాలోని ఏనబావి అను యాభై గడపల కుగ్రామము 2006లో రసాయనపు టెరువులకును, పురుగుమందులకును, జన్యుమార్పిడి విత్తనములకును దూరమని ప్రకటించుకొని, ఊరి మొగను బోర్డు నాటినది. ఈ ప్రకటన వెలువడిన జిల్లా యేదో మరువరాదు: 2002లో బీటీ పత్తి వచ్చిన తొలి దినములలో పంట పోయి నష్టపరిహారము కొరకు రైతులు వీధికెక్కినది ఆ వరంగల్లు జిల్లాలోనే.

శాసనము మాట చెప్పవలెనన్న, మన పంచాయతీలు అమెరికా కౌంటీలకంటె దిక్కులేనివి కావు. కొన్ని విధముల మేలు. 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో మొట్టమొదటిదే వ్యవసాయము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య కమిటీని వేసికొనవలెను. ఊరిలోని విత్తనములను, మూలికలను జాబితా వ్రాసికొనవలెను. అట్టి జాబితాను ఆ చట్టము పుట్టుటకు అయిదేండ్ల ముందే, 1997లో, కేరళలోని పట్టువం గ్రామపంచాయతీ తానై వ్రాసికొనినది. 1989 నాటి కేంద్ర నిబంధనలలో జన్యుమార్పిడి జీవుల విషయమై జిల్లా కలెక్టరు అధ్యక్షతన జిల్లాస్థాయి కమిటీ యుండవలెనని స్పష్టముగా వ్రాసియున్నది. ఈ మాట నేను చెప్పిన ప్రతిచోటను శ్రోతలు ఆశ్చర్యపడుట చూచుచున్నాను, అందులో కలెక్టరు కచేరీలలో పనిచేసినవారును కలరు. కలుపుమందును తట్టుకొను పత్తి అనుమతిలేకయే మన రెండు రాష్ట్రములలోను సంచులకొలది చేతులు మారినప్పుడు ఆ కమిటీలు ఏమి చేసినవని అడుగువాడు లేడు. విల్లామెట్ లోయవారి పటమును, గుండుసూదులను మన జిల్లాస్థాయి కమిటీకి అప్పగింపవచ్చును: విత్తనోత్పత్తికి కంపెనీలకు మడులు కౌలునకిచ్చు ఊళ్లలో, ఏ మడిలో ఏ విత్తనము వేయుచున్నారో పంచాయతీ కార్యాలయపు గోడమీద వ్రాయించుటకు క్రొత్త చట్టమేదియు అక్కరలేదు.

కొనుగోలు సంగతికి వచ్చునప్పటికి మనము వెనుకబడియున్నాము. తిరుమల తిరుపతి దేవస్థానమువారు ప్రకృతి సేద్యమున పండిన సరుకులను ప్రసాదములకు కొనుటకు పూనుకొనిరి. అది దేవుని వంటశాల, చెల్లింపునకు లోటుండదు. మన బడి భోజనము సంగతి వేరు. బియ్యము పైనుండి వచ్చును. దానిపై ఊరికి చెల్లుబాటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పథకమునకు, గోదావరి లంకలలో ఆకలిగొన్నవారికి వేళగాని వేళ వండిపెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. ఆ పుణ్యాత్మురాలు కూరగాయలు అప్పు తెచ్చి, బిల్లు వచ్చువరకు తిరుగవలసి యుండెనా యన్నది నాకు తోచు సందేహము. ఏలయనగా కూరగాయలు, పప్పు, పోపుదినుసులు కొనుచున్నది వంటకు కుదిరిన మహిళా సంఘములవారు. వారు ఊరి కిరాణా కొట్టులో పద్దు వ్రాయించి తెచ్చెదరు, ప్రభుత్వపు బిల్లు నెలలు గడచి వచ్చినప్పుడు తీర్చెదరు. పద్దు ఇచ్చువాడు సేంద్రియ రైతు కాదు, కొట్టువాడు. ఆ కొట్టువాని సరుకు ఎచ్చటనుండి వచ్చునో, దానిపై ఏ మందు చల్లిరో అడుగుటకు అప్పులో నున్న ఆ తల్లులకు నోరు లేదు.

ప్రక్క వీథిలోనే వంకాయ, బెండ, తోటకూర మందులేక పండించుచున్న రైతు ఒకడు ఉన్నాడనుకొందము. అతడు తన గంప బడికి ఇచ్చుటకు సిద్ధమే. ఆ పూటకు ఆ పూట డబ్బు చేతిలో పడిన చాలును. ఇరువది ముప్పది మంది పిల్లలున్న బడికి దినమునకు అయ్యెడు కూరగాయల ఖర్చు ఏపాటిది? పంచాయతీ తన సాధారణ నిధినుండి ఆ పైకమును వంటవారికి ముందుగా సర్దుబాటు చేసి, ప్రభుత్వపు బిల్లు వచ్చిన వెంటనే మరల జమ కట్టుకొనుటకు కావలసినది ఒక తీర్మానము, ఒక పద్దుపుస్తకము, ఆడిటువారు అడిగినప్పుడు చూపుటకు జిల్లా పంచాయతీ అధికారి అనుమతి. ఈ సభలో సర్పంచులుగా పనిచేసినవారును, చేయుచున్నవారును కూర్చుండి యున్నారు. ఆ యనుమతి దొరకుటలో గల సాధకబాధకములు నాకంటె వారికే బాగుగా తెలియును గావున, మిగిలిన కాలమును వారి ప్రశ్నలకును, వారి యనుభవములకును విడిచి, సెలవు గైకొనుచున్నాను.